ఆపరేషన్ ముందు అమ్మ జోకులు: ఆపమనాలా, వద్దా?

అనంతపురం అమ్మాయి:
మా అమ్మకు రొమ్ము క్యాన్సర్. గురువారం కర్నూలులో ఆపరేషన్, ఎడమ రొమ్ము పూర్తిగా తీసేస్తారు. పలకరించడానికి వచ్చినవాళ్లతో అమ్మ, "జాకెట్టు కుట్టే ఆమెకు చెప్పండి, ఇకమీద కూలి సగమే ఇస్తా" అంటోంది. పెద్దమ్మ "అపశకునం మాటలు మానుకో" అని కసిరింది. అన్నయ్యదీ అదే మాట. నాకేమో ఆపబుద్ధి కావడం లేదు. మీరేమంటారు?

కడప చిన్నోడు:
ఆపాల్సిందే. మా నాయనకు నోటి క్యాన్సర్, దవడ ఎముక కొంత తీసేసినారు. ఆయనా ఇట్లనే నవ్వించేవాడు. ధైర్యంగానే ఉన్నాడులే అనుకున్నాం. ఆపరేషన్ అయ్యాక రాత్రంతా నొప్పితో మెలికలు తిరిగి, పొద్దున నర్సమ్మ అడిగితే బాగున్నానని బొటనవేలు ఎత్తి చూపించినాడు. నొప్పి ఉంటే గట్టిగా దగ్గలేరు, లేచి నడవలేరు. చివరకు నెమ్ము చేసింది. నవ్వే మనిషిని "భయంగా ఉందా" అని ఎవరూ అడగరు.

ప్రొద్దుటూరు అత్త:
అది జోకుల తప్పు కాదబ్బీ. నాకు 2019లో ఇదే రొమ్ము ఆపరేషన్ అయింది. గాయం పక్కన గొట్టం పెట్టి డబ్బా తగిలించి ఇంటికి పంపినారు. రోజూ అందులో దిగిన నీరు కొలిచి రాయాలి. మొదట ఎర్రగా ఉంటుంది, పోనుపోను తేటబడుతుంది. రోజుకు 30 మిల్లీలీటర్ల లోపుకు తగ్గితే గొట్టం తీస్తామన్నారు. మా ఆయన కొలుస్తుంటే చూడలేక మొహం తిప్పుకునేదాన్ని. మాకు రెండు ఎనుములున్నాయి. నాలుగో పొద్దు నేనే అడిగినా, "ఈ పూట ఎంత పిండినావు?" అని. "తొంభై" అన్నాడు. "దూడకు వదిలినావా?" అంటే ఇద్దరం కుట్లు లాగేదాకా నవ్వినాం. ఆ పొద్దు నుంచి డబ్బా వైపు చూడగలిగినా. అదే మాట మా మరిది అని ఉంటే ఏడ్చేసేదాన్ని. జోకు వేసే హక్కు రోగిది. పక్కవాళ్లు మొదలుపెట్టకూడదు, ఆపకూడదు.

కర్నూలు వార్డు అక్క:
నవ్వనీయండి. మత్తు డాక్టర్ అడిగినప్పుడు మాత్రం షుగర్ మాత్రలు, రక్తం పలచబడే మాత్రలు, కట్టుడు పళ్లు, అన్నీ చెప్పించండి. ఆరు గంటల ముందు నుంచి ఏమీ తినకూడదు. "ఒక్క ఇడ్లీనే కదా" అని నవ్వుతూ దాచినవాళ్లను చూసినా. ఆ తిండి మత్తులో ఊపిరితిత్తుల్లోకి పోతే ప్రాణం మీదికి వస్తుంది.

కడప చిన్నోడు:
అత్తా, మీ పక్కన కొలిచే మనిషి ఉన్నాడు. మా నాయన ఒక్కడే నవ్వించినాడు, మేం చూస్తూ కూర్చున్నాం. నా మాట నేను మార్చుకోను.

అనంతపురం అమ్మాయి:
అన్నా, నీ మాట పట్టుకుని రాత్రి అమ్మను అడిగినా, భయంగా ఉందా అని. చాలాసేపు పలకలేదు. తర్వాత, "రొమ్ము పోతుందని కాదు, మత్తులోంచి లేస్తానో లేదోనని" అంది. రేపు డాక్టర్‌తో మాట్లాడిస్తా. పొద్దున లేచీ లేవగానే మళ్లీ జాకెట్టు కూలి సంగతి ఎత్తింది. పెద్దమ్మ విసురుగా లేచి బయటికి పోయింది. నేను అమ్మ పక్కనే కూర్చున్నా.