దెయ్యానికి ఫ్లాష్‌బ్యాక్ ఉండాల్సిందేనా?

సెకండ్‌షో గుంటూరు:

మసూద, విరూపాక్ష, వెపన్స్, భ్రమయుగం చూడనివాళ్ళు ఇక్కడే ఆగిపోండి, కథలు బయటపడతాయి.

నా గోల ఒక్కటే. మన దెయ్యం సినిమా ఏదైనా తీసుకోండి, ఇంటర్వెల్ దాకా భలే ఉంటుంది. మేడమీద ఎవరో నడుస్తుంటారు, హాల్లో ఈలలేసే బ్యాచ్ కూడా నోరు మూసుకుని కూర్చుంటుంది. సెకండాఫ్‌లో ఓ పెద్దాయన వస్తాడు. గొంతు సవరించుకుని "ఇరవై ఏళ్ళ క్రితం ఈ ఇంట్లో..." అని మొదలెడతాడు. అయిపోయింది. పట్టుచీర, ఓ పాట, ఓ జమీందారు, ఓ మోసం, ఓ హత్య. దెయ్యం లేచిపోయి దాని సీట్లో బాధితురాలు కూర్చుంటుంది. ఇక భయం ఎక్కడ్నుంచి వస్తుంది? క్లైమాక్స్‌లో అది విలన్ పీక నొక్కుతుంటే జనం చప్పట్లు కొడతారు. భయపడాల్సినదానికి చప్పట్లేంటండీ?

హాలీవుడ్ వెపన్స్ (2025) చూడండి. ఒకే క్లాసు పిల్లలు 17 మంది రాత్రి 2:17కి మంచాలు దిగి, చేతులు రెండు పక్కలా చాపుకుని చీకట్లోకి పరిగెత్తుతారు. ఎవరి పనో చివరికి తెలుస్తుంది, గ్లాడిస్ అని ఓ ముసలావిడ. ఆవిడ వయసెంతో, ఆ విద్య ఎవరు నేర్పారో, ఏ ఊరునుంచి దిగిందో మాత్రం సినిమా చెప్పదు. ఎర్రజుట్టు విగ్గు పెట్టుకుని, మొహం నిండా రంగు పులుముకుని, స్కూలు ప్రిన్సిపల్ ఎదురుగా కూర్చుని తియ్యగా మాట్లాడుతుంది చూడండి, రక్తం చుక్క కూడా లేని ఆ సీనే నన్ను వణికించింది. అదే మనవాళ్ళ చేతిలో పడితే గ్లాడిస్‌కి చిన్నప్పుడు ఊరు చేసిన అన్యాయం అరగంట, ఓ జోలపాట గ్యారంటీ.

తెలుగులో ఈ మధ్య వచ్చినవాటిలో నా ఓటు మసూదకి (2022). అందులోనూ గతం చెప్తారు. కానీ పాపం అనుకోమని ఎక్కడా అడగరు. సంగీత చేసిన టీచరమ్మ కన్నకూతురికి భయపడి పక్కింటి కుర్రాడి తలుపు కొట్టడం, ఆ కుర్రాడు ఆవిడకన్నా పిరికివాడు కావడం, సినిమా ప్రాణం అక్కడుంది.

బ్రాడీపేట నాలుగో లైను:

అన్నా, అరుంధతి (2009) మర్చిపోయావేంది? సగం సినిమా ఫ్లాష్‌బ్యాకేగా. పశుపతి ఎవడో, పగ ఎందుకో, సమాధిలోకి ఎలా చేరాడో మొత్తం చెప్పేశారు. అయినా సమాధిలోంచి పశుపతికి డబ్బింగ్ చెప్పిన రవిశంకర్ గొంతు వినపడగానే మా చెల్లి కుర్చీ కిందకి దూరింది. చెప్పడంలో తప్పు లేదు, చెప్పడం చేతగాకపోతే తప్పు.

సెకండ్‌షో గుంటూరు:

తమ్ముడూ, నువ్వు నా మాటే చెప్తున్నావు. పశుపతికి జరిగిన అన్యాయం ఏముంది? బతికున్నప్పుడు ఎంత దుర్మార్గుడో చచ్చాక అంతకు పదింతలు. ఆ ఫ్లాష్‌బ్యాక్ వాడి మీద భయం పెంచింది. నేను గొడవ పెట్టుకునేది దెయ్యాన్ని మంచిదాన్ని చేసే ఫ్లాష్‌బ్యాక్‌తో.

ఏలూరురోడ్డు పాఠకురాలు:

మీ ఇద్దరి మాటల్లో ఒక సంగతి జారిపోతోంది. మన దెయ్యాల్లో ఎక్కువమంది ఆడవాళ్ళు. కాన్పులో పోయినవాళ్ళు, కట్నం గొడవల్లో కాలిపోయినవాళ్ళు, నూతిలో దూకినవాళ్ళు. బతికున్నన్నాళ్ళూ వాళ్ళ మాట విన్నవాళ్ళు లేరు. చచ్చాకైనా ఒక అరగంట చెప్పుకుంటే మీకు బోరు కొడుతోందా?

మా అమ్మమ్మగారి ఊరు తెనాలి దగ్గర. పొలానికి వెళ్ళే దారిలో రాతి మెట్ల దిగుడుబావి ఉంది. కింది మెట్లు పాచి పట్టి నల్లగా ఉంటాయి, పైన గిలక్కి తాడు లేదు. మిట్టమధ్యాహ్నం అటు పోవద్దనేవాళ్ళు. ఎందుకంటే ఫలానా ఇంటి కోడలు అందులో పడిపోయింది, నీళ్ళకి వంగినవాళ్ళ జడ పట్టుకుని లాగుతుంది. ఈ భాగం మాకు పూసగుచ్చినట్టు చెప్పారు. ఆ కోడలు ఎందుకు పడింది అని అడిగితే మాత్రం అమ్మమ్మ "పోయి ఆడుకోండే" అనేది. ఫలానా ఇల్లు ఊళ్ళో అప్పటికీ పెద్ద ఇల్లు. ఆ ఇంటి పెళ్ళిళ్ళకి మేమంతా వెళ్ళి భోంచేసి వచ్చాం.

మీరు ముచ్చటపడే తెలియకపోవడం ఇదేనండీ. కారణం తెలియక దెయ్యం మిగల్లేదు, కారణం దాచడానికి దెయ్యాన్ని మిగిల్చారు.

పుస్తకాల్లోంచి కూడా ఒకటి చెప్తాను. స్టీఫెన్ గ్రాహమ్ జోన్స్ 2025లో రాసిన ద బఫెలో హంటర్ హంటర్ చదవండి. 1912లో అమెరికాలోని మొంటానాలో ఓ ముసలి పాస్టరు దగ్గరికి బ్లాక్‌ఫీట్ అనే అక్కడి మూలవాసుల తెగవాడొకడు వచ్చి తన కథ చెప్పుకుంటుంటాడు. వాడు రక్తం తాగే రకం. 1870లో మరియాస్ నది ఒడ్డున సైన్యం బ్లాక్‌ఫీట్ వాళ్ళని, ఎక్కువగా ఆడవాళ్ళనీ పిల్లల్నీ ముసలివాళ్ళనీ, ఊచకోత కోయడం చరిత్రలో నిజంగా జరిగింది. ఆ నవల మొత్తం ఒక ఫ్లాష్‌బ్యాక్, మొత్తం ఒక బాధితుడి పగ. పేజీ పేజీకీ వాడి మీద జాలి పెరుగుతుంది, పేజీ పేజీకీ వాడంటే భయమూ పెరుగుతుంది. రెండూ ఒక ఒరలో ఇమడవని మీకెవరు చెప్పారు?

సెకండ్‌షో గుంటూరు:

మేడమ్, ఆ బావి సంగతి చదివాక నిన్న రాత్రి మంచినీళ్ళకి లేవాలంటే ఆలోచించాను. కానీ చూడండి, మీరు కారణం చెప్పకుండానే భయపెట్టారు. అదే కథ సినిమాగా తీస్తే ఏం చేస్తారు? కోడలి మీద పాట ఉంటుంది, మామగారు మీసం తిప్పుతాడు, చివర్లో బావిలోంచి చెయ్యొచ్చి ఆయన్ని లోపలికి లాగేస్తుంది, ఊరు ఊపిరి పీల్చుకుంటుంది. లెక్క సరి. మనం పార్కింగ్‌లో బండి తీసుకుని ఇంటికొచ్చి సుబ్బరంగా నిద్రపోతాం. మీ ఊళ్ళో ఆ పెద్ద ఇల్లు ఇంకా ఉందిగా, అందులో పెళ్ళిళ్ళు జరుగుతున్నాయిగా. మీ బావి భయం అక్కడుంది. మన సినిమాలు న్యాయం చేసేసి దాన్ని మాఫీ చేస్తున్నాయి.

పటమట హేతువాది:

అయ్యా, మీరు దెయ్యానికి న్యాయం జరగాలా వద్దా అని కొట్టుకుంటున్నారు. మనుషుల సంగతేంటి?

విరూపాక్ష (2023) ఊరు ఊరంతా కలిసి, చేతబడి చేస్తున్నారని ఒక జంటని సజీవంగా తగలబెట్టడంతో మొదలవుతుంది. 1979 అని చూపిస్తారు. పన్నెండేళ్ళ తర్వాత చావులు మొదలు. తీసిన తీరు బాగుంది, అజనీష్ లోక్‌నాథ్ సంగీతమూ బాగుంది, కాదనను. కానీ సినిమా చివరికి తేల్చేదేంటి? ఆ విద్య నిజమే, మంత్రం పనిచేస్తుంది. అంటే కాగడా పట్టుకున్నవాళ్ళ అనుమానం పూర్తిగా అబద్ధం కాదన్నమాట. చేతబడి నెపంతో ముసలివాళ్ళని కొట్టి చంపిన వార్తలు ఇప్పటికీ పేపర్లో వస్తూనే ఉన్నాయి. పొలిమేర రెండు భాగాల మీదా నాకు ఇదే అభ్యంతరం.

గోరా గారి నాస్తిక కేంద్రం మా పటమటలోనే ఉంది. నిప్పుల మీద నడవడంలో మహత్యమేమీ లేదని జనం ముందు నడిచి చూపించిన సంస్థ అది. అలాంటి ఊళ్ళో ఉండి బాణామతిని టికెట్ కొనుక్కుని చూస్తున్నాం.

బ్రాడీపేట నాలుగో లైను:

సార్, డ్రాక్యులా చూసి ఎవడైనా మెళ్ళో వెల్లుల్లి దండ వేసుకున్నాడా?

పటమట హేతువాది:

వేసుకోలేదు బాబూ. డ్రాక్యులా అని ముద్రవేసి నిన్నటి రోజున ఎవర్నీ చెట్టుకి కట్టేయలేదు కూడా. తేడా అదే.

వన్‌టౌన్ మామ:

ఈ వాదన కొత్తదేం కాదు. యండమూరి నవల తులసీదళం వీక్లీలో సీరియల్‌గా వచ్చిన రోజుల్లోనే ఇంతకన్నా పెద్ద గొడవ జరిగింది. రంగనాయకమ్మ గారు దాని మీద విమర్శ పుస్తకమే రాశారు. అయినా జనం చదవడం మానలేదు. ఒక పక్క డాక్టర్లు, ఒక పక్క మంత్రగాళ్ళు, మధ్యలో చిన్నపిల్ల. ఎటు నమ్మాలో తేల్చుకోలేక వచ్చే వారం దాకా గిలగిల్లాడేవాళ్ళం.

ఇక భయం అంటే నాకు వర్మ తీసిన రాత్రి (1992). రేవతి సినిమాహాల్లో కూర్చుని ఉంటుంది, చూస్తే హాలంతా ఖాళీ. ఆ సీను మేం చూసిందీ హాల్లోనే కదమ్మా. సెకండ్ షో, వెనక రెండు వరసలు ఖాళీ. మావాడొకడు బాత్రూమ్‌కి వెళ్తూ నన్ను తోడు రమ్మన్నాడు, మీసాలొచ్చిన మనిషి. అందులోనూ ఆ ఇంట్లో గతంలో ఏదో జరిగిందని చెప్తారు, కానీ ముక్తసరిగా చెప్పి ముందుకెళ్ళిపోతారు.

చెడగొట్టింది ఫ్లాష్‌బ్యాక్ కాదు, కామెడీ. ప్రేమకథా చిత్రమ్ (2013) ఆడాక ప్రతి దెయ్యం పక్కనా ఓ కమెడియన్‌ని కూర్చోబెట్టారు. దెయ్యం చెంపదెబ్బ కొట్టడం, వాడు గిరగిరా తిరగడం. ఎన్నాళ్ళు చూస్తాం?

ఏలూరురోడ్డు పాఠకురాలు:

మామగారూ, నా తులసీదళం విజయవాడ అలంకార్ సెంటర్ దగ్గర పాత పుస్తకాల్లో దొరికిన కాపీ. మధ్యలో ఒక పేజీ అంచున పెన్సిల్‌తో "ఇక చాలు, మిగతాది పొద్దున" అని ఎవరో రాసుకున్నారు. కింద ఇంకో చేతిరాతలో "పిరికిపంద" అని ఉంది. ఏ సమీక్షా నాకు ఇంతకన్నా బాగా చెప్పలేదు.

కామెడీ విషయంలో మాత్రం ఒప్పుకోను. హిందీ స్త్రీ (2018) సంగతేంటి?

సెకండ్‌షో గుంటూరు:

స్త్రీ ఎత్తారు కాబట్టి చెప్తాను, నా కేసుకి అదే సాక్ష్యం. మన పల్లెల్లో తలుపుల మీద "ఓ స్త్రీ రేపు రా" అని రాసుకున్న రోజులు చాలామందికి గుర్తుండే ఉంటాయి. ఆ స్త్రీ ఎవరు, ఎవరి మీద కోపం, తలుపు తీస్తే ఏం చేస్తుంది, ఒక్కడు చెప్పలేడు. ఇంటింటికీ ఒక్కో కథ. ఎవరో తెలియని మనిషికి తలుపు మీద ఉత్తరం రాసిపెట్టి లోపల గడియ వేసుకోవడం! ఇంతకు మించిన హారర్ ఎవడు రాస్తాడు?

స్త్రీ రాసిన రాజ్, డీకే మనవాళ్ళే. సినిమా నాకూ నచ్చింది, నవ్వుకున్నాను. కానీ అందులో ఆమెకి గతం ఇచ్చారు, ప్రేమ ఇచ్చారు, గౌరవం ఇచ్చారు. చివరికి గోడ మీద రేపు రా తీసేసి మమ్మల్ని రక్షించు అని రాశారు. మంచిదే. ఊరికి కాపలాదారు దొరికింది, నాకు దెయ్యం పోయింది.

ఏలూరురోడ్డు పాఠకురాలు:

మీకు దెయ్యం పోయిందని ఏడుస్తున్నారు, మాకు మొదటిసారి ఆమె మనిషిగా కనిపించింది. ఆ గోడమీద రాత మారినప్పుడు మా వరసలో ఆడపిల్లలు అరిచిన అరుపు వినుంటే తెలిసేది.

బ్రాడీపేట నాలుగో లైను:

కిష్కింధపురి (2025) ఎవరూ అనరేంది? దెయ్యాల టూర్ పేరుతో మూతపడ్డ రేడియో స్టేషన్‌లోకి పోతారు. ఆ రేడియోలో గొంతు వచ్చే ముందు గరగరమని చప్పుడు ఉంటుంది చూడండి, నాకు దెయ్యంకన్నా ఆ చప్పుడే భయం వేసింది. సెకండాఫ్‌లో కథ మొత్తం విప్పారు, అన్న చెప్పినట్టే అక్కడ కొంచెం సల్లబడింది. అయినా డబ్బులు దండగ కాలేదు.

ఏలూరురోడ్డు పాఠకురాలు:

సరే, సెకండ్‌షో గారూ, ఒక్కదానికి జవాబివ్వండి. భ్రమయుగం (2024) మీకు నచ్చిందని వేరేచోట రాశారు. నలుపు తెలుపు మలయాళం సినిమా, పాడుబడ్డ ఇల్లు, లోపల ముగ్గురు: ఇంటి యజమాని మమ్ముట్టి, ఓ వంటవాడు, దారితప్పి వచ్చిన ఓ పాటగాడు. మమ్ముట్టి పాచికలాటకి పిలిచి, ఓడితే నీ కాలమంతా నాదే అంటాడు. ఆ ఇంట్లో యజమాని వేషంలో ఉన్నది, ఒకప్పుడు అసలు యజమాని చాకిరీ చేయించుకుని హింసించిన చాత్తన్, కేరళ కథల్లోని భూతం. అంటే అక్కడా బాధితుడే, అక్కడా ఫ్లాష్‌బ్యాకే. మరి మీకు భయం ఎందుకు తగ్గలేదు?

సెకండ్‌షో గుంటూరు:

మంచి ప్రశ్న అడిగారు. రెండు కారణాలు.

ఒకటి, బాధపడ్డవాడు అధికారం చేతికి రాగానే తనని బాధపెట్టినవాడికన్నా అన్యాయంగా తయారయ్యాడు. చప్పట్లు కొట్టే చోటు సినిమా మనకి ఇవ్వలేదు.

రెండోది నాకు ముఖ్యం. ఆ గతాన్ని చూపించరు, వంటవాడు చెప్తాడు. పొయ్యి దగ్గర, మసి పట్టిన గోడల మధ్య, గొంతు తగ్గించి చెప్తాడు. ఆ వంటవాడికి తన లెక్కలు తనకున్నాయి, ఆ ఇంటి మీద వాడి కన్నూ ఉంది. కాబట్టి వినే పాటగాడితోపాటు మనకీ అనుమానమే, ఇందులో నిజమెంత, వీడు కలిపిందెంత అని. కథ విన్నాక భయం ఇంకొకరి మీదకి కూడా పాకింది.

అలాంటి ఫ్లాష్‌బ్యాక్ గంటసేపు పెట్టినా నాకు అభ్యంతరం లేదు. మీరే చెప్పండి, మన సినిమాల్లో గొంతు సవరించుకునే ఆ పెద్దాయన ఒక్కసారైనా అబద్ధం చెప్పాడా?

వన్‌టౌన్ మామ:

చెప్పడు బాబూ. ఆ వేషానికి ఎప్పుడూ తెల్లగడ్డం, రుద్రాక్షలు, మంచి గొంతు ఉన్న నటుణ్ణే పెడతారు. ఆయన అబద్ధం చెప్తే ముందు దెయ్యమే హడలిపోతుంది.