బిల్డ్ వేళ హోమ్ డైరెక్టరీలో ఫైలు రాస్తే కొంప మునుగుతుందా?

పాతకీబోర్డు:
నేను చూసుకునే డెబియన్ (ఒక లినక్స్ రకం) ప్యాకేజీ మీద 'సీరియస్' బగ్, అంటే తీవ్రమైన తప్పుందని ఫిర్యాదు, పడింది. సోర్స్ కోడ్‌ను ప్యాకేజీగా మార్చే బిల్డ్‌లో నడిచే టెస్టులు, యూజర్ సొంత ఫైళ్లుండే హోమ్ డైరెక్టరీలో కాష్ ఫైలు (మళ్లీ వాడుకోడానికి దాచుకునేది) రాస్తున్నాయట. రెండు కిలోబైట్లు! సోర్స్ ట్రీ (ప్యాకేజీ సోర్స్ ఉన్న ఫోల్డరు) బయట రాయకూడదని డెబియన్ నియమావళి, అదే పాలసీ, 4.9లో అంటోంది, సరే. మరి తాత్కాలిక ఫైళ్లుండే టెంప్‌లో రాసుకోవచ్చని కూడా అదే అంటోందిగా? టెంప్ బయట కాదా?

గోదారిగట్టు:
రాసుకోవచ్చు, అక్కడ ఉన్నదాని మీద ఆధారపడకూడదు. ఆ వాక్యం కూడా చదవండి. మొదటి బిల్డ్ వదిలిన కాష్‌ను రెండో బిల్డ్ చదువుకుంటే మీ మెషీన్లో పాస్, కొత్త మెషీన్లో ఫెయిల్.

పాతకీబోర్డు:
నేనడిగింది టెంప్ గురించి.

నిద్రలేనిరాత్రి:
బిల్డ్ సర్వర్లలో హోమ్‌కి లేని డైరెక్టరీ పేరే పెడతారుగా. అక్కడెలా పాసవుతోంది?

పాతకీబోర్డు:
రాయలేకపోతే కాష్ లేకుండానే నడుస్తుంది. అందుకే అంటున్నా, నష్టం ఎవరికి?

గోదారిగట్టు:
నాకు! పోయినేడాది ఇంకో ప్యాకేజీని ఇంట్లో రీబిల్డ్ చేశాను. దాని టెస్టు నా అసలు సెట్టింగుల ఫైలు మీదే రాసేసింది. ఆరేళ్లుగా కూర్చుకున్న సెట్టింగులు.

నిద్రలేనిరాత్రి:
బ్యాకప్ లేదా?

గోదారిగట్టు:
ఆ ప్రశ్న అడక్కండి.

చిన్నపెంగ్విన్:
జెంటూ అనే ఇంకో లినక్స్‌లో శాండ్‌బాక్స్ (బిల్డ్ చుట్టూ కంచె) ఉంది, బయట రాయబోతే బిల్డే ఆగిపోతుంది. నిక్స్ అనే ప్యాకేజీ వ్యవస్థలో బిల్డ్‌కిచ్చే హోమ్ పేరే 'హోమ్‌లెస్ షెల్టర్'. నియమం రాసుకుని మనుషులతో కొట్లాడటం మనకే చెల్లింది.

గోదారిగట్టు:
డెబియన్ బిల్డ్‌కి వాడే డెబ్‌హెల్పర్ పనిముట్లలో కంపాట్ 13 (ఏ తరం పద్ధతి కావాలో చెప్పే అంకె) పెడితే అది హోమ్‌ను సోర్స్ ట్రీలోకే మళ్లిస్తుంది. వీరిది ఇంకా 12. ఒక్క అంకె మారిస్తే పోయేదానికి ఇంత చర్చ!

పాతకీబోర్డు:
ఒక్క అంకె! 13కి వెళ్తే, ఏ ప్యాకేజీలోనూ చేరని ఫైళ్లు మిగిలినా బిల్డ్ ఆగుతుంది. అవన్నీ ఎవరు ఏరతారు? ఆఫీసు పని, పిల్లల హోమ్‌వర్క్ అయ్యాక రాత్రి పదకొండింటికి కూర్చుంటాను నేను. ప్యాచ్ ఇవ్వకుండా 'సీరియస్' కొట్టి పోయినవాళ్లు రారు. సరిచేయకపోతే టెస్టింగ్‌లోంచి, అంటే రాబోయే డెబియన్ విడుదలకు సిద్ధమయ్యే జాబితాలోంచి, ప్యాకేజీ పోతుంది.

నిద్రలేనిరాత్రి:
ఇప్పుడే చూశా. ఆ బగ్ వేసింది గోదారిగట్టు గారే.

గోదారిగట్టు:
అవును. పాలసీలో 'మస్ట్' అని ఉంది, అందుకే 'సీరియస్'. ఇంతకీ మీరు నియమం తప్పంటున్నారా, చాకిరీ ఎక్కువంటున్నారా?

పాతకీబోర్డు:
చాకిరీ. ఆ మాట అనడానికి మొహమాటమేసింది.

గోదారిగట్టు:
కంపాట్ వదిలేయండి. బిల్డ్ ఎలా చేయాలో రాసే రూల్స్ ఫైల్లో హోమ్‌ను ట్రీ లోపలికి తిప్పే లైను ఒకటి చాలు. ఆదివారం ప్యాచ్ పంపుతాను.

పాతకీబోర్డు:
బిల్డ్ మిగిల్చినవి తుడిచే క్లీన్‌లో ఆ డైరెక్టరీ తీసేసే లైను కూడా పెట్టండి. టెంప్ సంగతి మాత్రం ఇంకా చెప్పలేదు మీరు.