కేస్ షీట్లకు ఆర్‌ఎఫ్‌ఐడీ ట్యాగులు పెడితే ఫైళ్లు దొరుకుతాయా?

గుంటూరు ఎంఆర్‌డీ:
మాది 200 పడకల ఆసుపత్రి. నేను మెడికల్ రికార్డ్స్ విభాగం (ఎంఆర్‌డీ)లో చేస్తున్నాను. ఓపీకి పంపిన ఫైలు బిల్లింగ్‌లో తేలుతుంది, అక్కణ్నుంచి ఆరోగ్యశ్రీ డెస్కుకు పోతుంది. పాతది దొరక్కపోతే కొత్త కేస్ షీటు రాసేస్తారు. పెన్సిలిన్ పడదని పాతదాంట్లో ఉంటే ఎవరు చూస్తారు? నా టెన్షన్ అదే. ఇప్పుడు ఫైళ్లకూ, రోగుల చేతి పట్టీలకూ ఆర్‌ఎఫ్‌ఐడీ (రేడియో తరంగాలతో చదివే చిప్) ట్యాగులు పెడదామంటున్నారు. అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి.

వైజాగ్ బయోమెడికల్:
ఫైళ్లకైతే పెట్టించండి. ట్యాగులో బ్యాటరీ ఉండదు, రీడర్ పంపే తరంగాల శక్తితోనే తన నంబరు చెబుతుంది. బార్‌కోడ్‌లా ఒక్కో ఫైలూ బయటికి తీయక్కర్లేదు, చేతి రీడర్‌తో ర్యాకు వెంబడి నడిస్తే చాలు. అయితే ఇలా దూరం నుంచి చదివే యూహెచ్‌ఎఫ్ (ఎక్కువ ఫ్రీక్వెన్సీ) ట్యాగులు ఇనుప ర్యాకుల దగ్గర సరిగా అందవు. కాబట్టి డెమో మీ ర్యాకుల్లోనే, మీ ఫైళ్లతోనే చేయించండి. వెండర్ ఆఫీసులో చూపించేది లెక్కలోకి రాదు.

చేతి పట్టీ సంగతి వేరు. ఒంట్లోని నీరు యూహెచ్‌ఎఫ్ తరంగాలను పీల్చేస్తుంది. మంచం దగ్గర చదవడానికి అంతకంటే తక్కువ ఫ్రీక్వెన్సీ ఉన్న 13.56 మెగాహెర్ట్జ్ ట్యాగులే నయం.

ఐసీయూలో మాత్రం తొందరపడకండి. ఆమ్‌స్టర్‌డామ్‌లో 41 వైద్య పరికరాల దగ్గర ఆర్‌ఎఫ్‌ఐడీ వాడి చేసిన పరీక్షలు 2008లో జామా అనే అమెరికా వైద్య పత్రికలో వచ్చాయి. 123 పరీక్షల్లో 34 సార్లు పరికరాలు దెబ్బతిన్నట్టు ప్రవర్తించాయి, వాటిలో 22 ప్రమాదకరమైనవి. సిరంజి పంపులు ఆగిపోయాయి, వెంటిలేటర్లు ఆఫ్ అయిపోయాయి! రోగులకు తగిలించి చేయలేదు కాబట్టి సరిపోయింది. మీ పరికరాల దగ్గర పరీక్షించకుండా అక్కడ రీడర్ పెట్టనివ్వకండి.

స్టాఫ్ నర్స్, హైదరాబాద్:
పట్టీ ఉంది కదా అని రక్తం ఎక్కించే ముందు పేరు అడగడం మానకూడదండీ. పట్టీయే వేరేవాళ్లకు కట్టి ఉండొచ్చు.

హాస్పిటల్ ఐటీ:
ట్యాగులో పేరు, జబ్బు రాయించొద్దు. 2004లో అమెరికా ఎఫ్‌డీఏ (మందులు, వైద్య పరికరాలకు అనుమతులిచ్చే సంస్థ) అనుమతించిన వెరిచిప్ అనే ఆర్‌ఎఫ్‌ఐడీ చిప్‌ను చర్మం కిందే పెట్టేవారు, అందులోనూ 16 అంకెల నంబరు మాత్రమే ఉండేది. వివరాలు సర్వర్‌లో ఉండాలి, ఎవరు తెరిచారో లాగ్‌లో పడాలి.

గుంటూరు ఎంఆర్‌డీ:
చాలా థాంక్సండీ. మావి ఇనుప ర్యాకులే. రీడర్లు రెండే కొంటారట, ఎక్కడ పెట్టమనాలి?

వైజాగ్ బయోమెడికల్:
ఒకటి చేతి రీడర్ తీసుకోండి, రెండోది మీ ఎంఆర్‌డీ గుమ్మం దగ్గర పెట్టండి. ఫైలు ఆఖరున ఏ రీడర్‌కు కనబడిందన్నదే సిస్టమ్ చెబుతుంది, ఇప్పుడెక్కడుందో చెప్పదు. అందుకే ఫైలు బయటికి వెళ్లేటప్పుడు తీసుకెళ్లేవాళ్ల స్టాఫ్ కార్డు కూడా చదివేలా పెట్టించండి. బిల్లింగ్ గుమ్మం దగ్గరికి ఇంకో రీడర్‌ను వచ్చే బడ్జెట్‌లో అడగండి.