అన్నీ కలిపిన రిసార్టు సెలవు: విశ్రాంతా, విసుగా?

సీతమ్మధార రిటైర్డ్:

ఈ మాఘమాసానికి మా పెళ్లయి ముప్ఫై అయిదేళ్లు. ఆ సందర్భంగా అమ్మాయీ అల్లుడూ మమ్మల్ని మాల్దీవులు పంపుతామంటున్నారు. నాలుగు రాత్రులు, ఒకే రిసార్టు. ‘ఆల్ ఇన్‌క్లూజివ్’ పద్ధతట. గది, మూడు పూటలా భోజనం, మధ్యలో ఫలహారాలు, పానీయాలు, ఒక పడవ షికారు, అన్నిటికీ కలిపి ముందే కట్టేస్తారు. అక్కడికి చేరాక జేబులో చెయ్యి పెట్టే పని లేదు.

నా బెంగ ఖర్చు గురించి కాదు. నాలుగు రోజులు అక్కడ ఏం చేయాలి? దీవి మొత్తం పది నిమిషాల్లో చుట్టి రావచ్చని అల్లుడు గొప్పగా చెప్పాడు. నాకు గుండె జారిపోయింది. రోజూ తెల్లవారుజామున బీచ్ రోడ్డులో కాళీమాత గుడి దగ్గర మొదలుపెట్టి కురుసుర జలాంతర్గామి దాటి నడిచి వచ్చే మనిషిని. దారిలో నలుగురు పలకరించాలి, పేపరు కొనాలి, ఎవరితోనో ఒకరితో వాదన పడాలి. అయినా విశాఖలో పుట్టి పెరిగినవాడు సముద్రం చూడటానికి సముద్రం దాటి వెళ్లడమేమిటి? కూర్చుని తింటే కొండలైనా కరుగుతాయంటారు. అక్కడ కరగడానికి కొండలు కూడా లేవు.

మా ఆవిడ మాత్రం ‘వెళ్దాం’ అని ఒక్క మాట అనేసి టీవీ వైపు తిరిగింది. అలాంటి సెలవు గడిపి వచ్చినవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి.

భీమిలి గాలి:

విసుగే. అనుభవంతో చెబుతున్నాను. రెండేళ్ల క్రితం గోవాలో ఒక రిసార్టుకు (పేరు అనవసరం) మూడు రాత్రులకు కుటుంబంతో వెళ్లాను. మొదటిరోజు పళ్లెం పట్టుకుని బఫే చుట్టూ ప్రదక్షిణ చేశాం. రెండో రోజు మధ్యాహ్నానికి ఏ మూత కింద ఏముందో పిల్లలు చూడకుండానే చెప్పేస్తున్నారు. పొద్దున్న వేపుడుగా కనిపించిన బంగాళాదుంప రాత్రికి కూరలో మునిగి మళ్లీ దర్శనమిచ్చింది. మూడో రోజు నా పరిస్థితి సంక్రాంతికి అత్తవారింటికి వెళ్లిన కొత్త అల్లుడిలా ఉంది. అందరూ నవ్వుతూ వడ్డిస్తూనే ఉంటారు, మనకేమో ఎప్పుడు బస్సెక్కుదామా అని ఉంటుంది.

అసలు బాధ తిండి కాదు. ఆ మూడు రోజుల్లో గోవా మనిషితో నేను నాలుగు మాటలు మాట్లాడలేదు. తిరుగు ప్రయాణంలో విమానాశ్రయానికి తీసుకెళ్లిన టాక్సీ డ్రైవరు దారి పొడుగునా జీడిమామిడి పళ్ల గురించి, ఆ పళ్ల రసం నుంచి ఫెనీ ఎలా దించుతారో చెప్పాడు. నేను చూసిన గోవా అంతా ఆ కారులోనే ఉంది. డబ్బు మాత్రం రిసార్టుకు కట్టాను.

వంటింటికి తాళం:

‘అక్కడ ఏం చేయాలి’ అన్న ప్రశ్న మగవాళ్లకే ఎందుకు వస్తుందో నాకు తెలుసు. ఇంట్లో చేయకుండా ఉండటం వాళ్లకు అలవాటే కాబట్టి, ఊరు వెళ్తే ఏదో ఒకటి చేయాలనిపిస్తుంది.

మా అరకు యాత్ర చెబుతాను. కిరండూల్ రైలు పొద్దున్న ఏడు లోపే బయలుదేరుతుంది. అద్దాల బోగీలో టిక్కెట్లు దొరికాయని ఇంట్లో అందరూ గంతులు వేశారు. నేను మూడింటికి లేచి పులిహోర కలిపాను. ఒక డబ్బాలో అది, ఒక డబ్బాలో పెరుగన్నం, చిన్నవాడికి విడిగా కారం లేని దోసెలు. రైలు సొరంగాల్లోకి దూరుతుంటే అందరూ కేకలు పెడుతున్నారు, నేను పెరుగు ఒలికిందేమోనని సంచి తడుముతున్నాను. బొర్రా గుహల్లో అందరూ తలెత్తి చూస్తుంటే నేను తలదించి పెద్దవాడి చెప్పు తెగిందేమో చూస్తున్నాను. అరకు అందం అందరూ చెబితే విన్నాను.

అలిసిపోయేది వండటం వల్ల కాదండీ, ‘ఈ పూట ఏమిటి’ అని రోజూ నిర్ణయించడం వల్ల. పెళ్లిళ్లలో మగపెళ్లివారికి విడిది ఇస్తారు చూడండి. కాఫీ దగ్గర నుంచి వేన్నీళ్ల దాకా అడగకముందే వస్తాయి. ఆడవాళ్లకు జీవితంలో ఒకటో రెండో విడిదులు దక్కుతాయి, అవీ ఎవరిదో పెళ్లి కాబట్టి. పోయిన వేసవిలో మా చెల్లెలి కుటుంబంతో అన్నీ కలిపిన రిసార్టులో మూడు రాత్రులు ఉన్నాం. రెండో రోజు భోజనం చేసి పడుకున్నాను, కల వచ్చింది. పెళ్లయిన పద్దెనిమిదేళ్లలో పగటి నిద్రలో కల రావడం అదే మొదటిసారి. బఫేలో బంగాళాదుంప మళ్లీ వచ్చిందా లేదా నేను చూడలేదు. ఎవరో తరిగారు, అది చాలు.

భీమిలి గాలి:

ఒప్పుకుంటాను. అయితే అది రిసార్టు గొప్పతనం కాదు, మీ ఇంట్లోవాళ్ల తప్పు.

వంటింటికి తాళం:

వాళ్లు తప్పు దిద్దుకునే దాకా ఆగమంటారా? రిసార్టు ఈలోగా తెరిచే ఉంది.

అక్కయ్యపాలెం మేష్టారు:

అర్థశాస్త్రం పాఠాలు చెప్పుకునేవాణ్ణి, కొంచెం ఓపిక పట్టండి. విశ్రాంతి, విసుగు అని మీరు విడదీస్తున్న రెండూ ఒకే వేరు నుంచి వస్తున్నాయని నా అనుమానం. ఆ వేరు, ముందుగా డబ్బు కట్టడం.

డ్రేజెన్ ప్రెలెక్, జార్జ్ లోవెన్‌స్టీన్ అనే ఇద్దరు 1998లో ప్రచురించిన పరిశోధనలో మనుషులను ఒక సంగతి అడిగారు. 1,200 డాలర్ల విహారయాత్రకు నెలకు 200 చొప్పున ఆరు నెలలు ముందే కడతారా, వచ్చాక కడతారా? ఎక్కువమంది ముందే కడతామన్నారు. అదే బట్టలుతికే యంత్రానికైతే తర్వాత కడతామన్నారు. యంత్రం ఏళ్ల తరబడి పని చేస్తుంది, వాయిదా కట్టినా బాధ ఉండదు. సెలవు అయిపోయాక దానికి వాయిదా కట్టడం తిన్న విస్తరికి అద్దె కట్టినట్టుంటుంది. ముందే కట్టేస్తే అక్కడున్నంతసేపూ అంతా ఉచితంగా వస్తున్నట్టే అనిపిస్తుంది. రిటైర్డ్ గారూ, బీచ్ రోడ్డులో మురీ మిక్స్చరు కొన్న ప్రతిసారీ పర్సు తీస్తాం, ధర ఎంత పెరిగిందో తలుచుకుంటాం. ఆ చిన్న ముల్లు అక్కడ ఉండదు.

ఇక రెండో వైపు. ఆర్క్స్, బ్లూమర్ అనేవాళ్లు 1985లో ఇంకో ప్రశ్న వేశారు. పొరపాటున ఒకే వారాంతానికి రెండు మంచు క్రీడల యాత్రలకు టిక్కెట్లు కొన్నారనుకోండి. ఒకటి 100 డాలర్లది, ఇంకొకటి 50 డాలర్లది. 50 డాలర్లదే ఎక్కువ సరదాగా ఉంటుందని మీకు తెలుసు. దేనికి వెళ్తారు? సగానికి పైగా 100 డాలర్లదానికే వెళ్తామన్నారు. కట్టిన డబ్బు వసూలు కావాలి కదా! రిసార్టులోనూ అంతే. గోడ బయట చేపల సంత ఉందని తెలిసినా, లోపలి భోజనానికి డబ్బు కట్టేశాం కాబట్టి లోపలే తింటాం. గాలి గారి విసుగు అక్కడ పుట్టింది. గేటుకు తాళం ఎవరూ వేయలేదు.

పూర్ణా మార్కెట్:

మేష్టారూ, ఆ మంచు యాత్ర మనిషిని నేనే. మూడో గులాబ్ జామూను ఆకలికి తినలేదు, లెక్కకు తిన్నాను.

గరిటె తిప్పినవాడు:

పదకొండేళ్లు రిసార్టు వంటశాలల్లో, కొన్నాళ్లు ప్రయాణికుల ఓడలో పని చేశాను. ఇప్పుడు గాజువాకలో సొంత మెస్సు. కాబట్టి పళ్లెం అవతలి వైపు నుంచి చెబుతాను.

బఫే వరుస ఊరికే పేర్చరు. రొట్టెలు, అన్నం, నూడుల్స్ ముందు వస్తాయి, ఖరీదైన చేప, మాంసం చివర వస్తాయి. అక్కడికి చేరేసరికి మీ పళ్లెం నిండి ఉంటుంది. అందుకే మా వాళ్లు తిన్నప్పుడు చివరి నుంచి మొదలుపెట్టేవారు.

రిటైర్డ్ గారికి ముఖ్యమైన మాట. ఆల్ ఇన్‌క్లూజివ్ ధరలో సాధారణంగా మద్యం కూడా కలిసే ఉంటుంది. మీ ఇద్దరికీ ఆ అలవాటు లేకపోతే, ఎదుటి బల్ల మీది తెల్లదొర తాగే దానికి మీ అల్లుడు డబ్బు కడుతున్నాడన్న మాట. ‘ఫుల్ బోర్డ్’ ధర ఎంతో అడగమనండి. మూడు పూటలా భోజనం ఉంటుంది, మద్యం ఉండదు. మన హోటళ్లలో ఏపీ అని రాస్తారు, అమెరికన్ ప్లాన్. సీపీ అంటే ఉదయం ఫలహారం మాత్రమే, మ్యాప్ అంటే ఫలహారంతో పాటు ఒక పూట భోజనం. అయితే ఫుల్ బోర్డ్‌లో మంచినీళ్ల సీసాకు, కాఫీకి కూడా విడిగా బిల్లు వేసే చోట్లున్నాయి, అది రాతలో తీసుకోండి.

ఇంకొకటి. దీవికి స్పీడ్‌బోటులో వెళ్లాలా, సీప్లేన్‌లోనా? నీటి మీద దిగే ఆ విమానాలు పగటి వెలుగున్నంతసేపే ఎగురుతాయి. విశాఖ నుంచి హైదరాబాదో బెంగళూరో మారి వెళ్లి సాయంత్రం దిగారనుకోండి, ఆ రాత్రి రాజధాని మాలే దగ్గరే గడపాలి. రిసార్టులో కట్టిన ఒక రాత్రి నీళ్లపాలు.

సముద్రం సంగతి. మన ఆర్కే బీచ్‌లో మోకాళ్ల లోతు దాటితే ఒడ్డునున్నవాళ్లు కేకలేస్తారు, వేయాలి కూడా. లోపలికి లాగేసే ప్రవాహాలు మన తీరంలో ప్రాణాలు తీస్తున్నాయి. అక్కడ చాలా దీవుల చుట్టూ పగడపు దిబ్బ గోడలా ఉంటుంది, అల దాని మీదే విరిగిపోతుంది. లోపలి నీరు పళ్లెంలో పోసినట్టుంటుంది. దిబ్బ ఒడ్డుకు దగ్గరగా ఉన్న దీవి అడగండి. లైఫ్ జాకెట్టు తొడుక్కుని, ముఖానికి అద్దం పెట్టుకుని తల ముంచితే చేపల పెళ్లి ఊరేగింపే. ఈత రానివాళ్లను కూడా మా వాళ్లు చెయ్యి పట్టుకుని తీసుకెళ్లేవారు. పొద్దుపోదని ఏడ్చేవాళ్లు అక్కడ కనబడరు, బఫే దగ్గర కనబడతారు.

ఈ పద్ధతి పుట్టుక కూడా మాకు శిక్షణలో చెప్పారు. 1950లో జెరార్డ్ బ్లిట్జ్ అనే బెల్జియం ఆయన స్పెయిన్‌కు చెందిన మజోర్కా దీవిలో, అల్కూడియా దగ్గర గుడారాలు వేసి క్లబ్ మెడ్ మొదలుపెట్టాడు. కొన్నేళ్లకు డబ్బు బదులు మెడలో పూసల దండ వేసుకునే పద్ధతి వచ్చింది. పానీయానికి పూస తీసి ఇచ్చేవారు. కానీ అక్కడ ముక్కూముఖం తెలియనివాళ్లంతా ఒకే బల్ల దగ్గర తినేవారు, కలిసి ఆడేవారు. తర్వాత వచ్చిన రిసార్టులు పూసల దండను చేతి పట్టీగా మార్చి ఉంచుకున్నాయి, ఆ బల్లను తీసేశాయి. రిటైర్డ్ గారికి కావలసింది బల్ల అని నాకనిపిస్తోంది. అక్కడికీ వాదన పెట్టుకోవడానికి మనిషి కావాలంటున్నారుగా!

భీమిలి గాలి:

గరిటె గారి మాటకు ఒక తోక. గోడ లోపలే అంతా దొరికితే గోడ బయట బజ్జీలు వేసుకునేవాళ్ల సంగతేమిటి? రుషికొండలో రేపు అలాంటివి నాలుగు వస్తే బయటి బళ్లకు మిగిలేది లోపలికి వెళ్లే కార్ల దుమ్మే.

గరిటె తిప్పినవాడు:

నిజమే. కానీ నా చెల్లెలి పెళ్లి ఆ గోడ లోపలి జీతంతోనే అయింది. రెండూ నిజమే అని వదిలేస్తున్నాను. మాల్దీవుల్లో రిసార్టు దీవిలో గోడ బయట అంటూ ఏమీ ఉండదు, దీవంతా వాళ్లదే. ఊరు చూడాలంటే జనం ఉండే దీవుల్లో అతిథి గృహాలున్నాయి. బడి, మసీదు, టీ కొట్టు అన్నీ ఉంటాయి. మద్యం దొరకదు. మీరు మూడు రాత్రులు రిసార్టులో, ఒక రాత్రి అక్కడ ఉండవచ్చు.

అక్కయ్యపాలెం మేష్టారు:

ఒక్కటి చెప్పడం మరిచాను, తాళం గారి పక్షాన. నావైన్ అనే ఆయన బృందం 2010లో 1,530 మంది డచ్చివారిని పరిశీలించింది. వాళ్లలో సెలవుకు వెళ్లి వచ్చినవాళ్లు వెళ్లనివాళ్ల కంటే సంతోషంగా ఏమీ లేరు. తేడా కనిపించింది ఒక్క గుంపులోనే, ‘చాలా విశ్రాంతిగా గడిచింది’ అన్నవాళ్లలో. ‘విశ్రాంతిగానే గడిచింది’ అన్నవాళ్లకు కూడా ఆ లాభం దక్కలేదు.

సీతమ్మధార రిటైర్డ్:

ఇది రాస్తున్నది ఆయన కాదు, ఆయన భార్యను. ఫోను బల్ల మీద పెట్టి నడకకు వెళ్లారు. మీరు రాసినవన్నీ చదివాను.

నాకు తిరగాలనే ఉండేది. ఆయనకు బదిలీ అయిన ప్రతి ఊరూ తిరిగాను, సామాను కట్టుకుంటూ, విప్పుకుంటూ. బ్యాంకువాళ్లు ఆయనకు దండ వేసి శాలువా కప్పి ఇంటికి పంపారు. ఆ సాయంత్రం వచ్చినవాళ్లందరికీ ఉప్మా చేసింది నేను. నాకు అలాంటి ఉత్తర్వు ఇంతవరకు రాలేదు.

అక్కడ నేనేం చేస్తానని ఎవరూ అడగలేదు కాబట్టి నేనే చెబుతాను. నీళ్లలో కాళ్లు పెట్టుకుని కూర్చుంటాను. ఆకలేస్తే తింటాను. వంటింటికి తాళం వేసిన అమ్మాయి చెప్పిన ఆ పగటి కల నాకూ కావాలి. ఆయనకు విసుగొస్తే దీవి చుట్టూ నడవమనండి, చుట్టుకు పది నిమిషాలు కదా. గుడీ జలాంతర్గామీ ఉన్నాయనుకుని నడవమనండి. గరిటె బాబూ, అప్పన్న స్వామి చిన్న విగ్రహం, ఆవకాయ సీసా పట్టుకెళ్లవచ్చా?

గరిటె తిప్పినవాడు:

అమ్మా, విగ్రహం వద్దు. పూజా విగ్రహాలను, మద్యాన్ని, పంది మాంసాన్ని అక్కడి కస్టమ్స్ లోపలికి రానివ్వరు. స్వామికి ఇంట్లోనే దణ్ణం పెట్టుకుని బయలుదేరండి. ఆవకాయను రెండు కవర్లలో బిగించి కట్టి పెద్ద పెట్టెలో పెట్టండి, చేతి సంచిలో వద్దు. నూనె కారితే అల్లుడి బట్టలు కాదుగా పాడయ్యేది, మీ చీరలు.

వంటింటికి తాళం:

పిన్నిగారూ, ఆవకాయ కూడా వద్దు. సీసా మూత ఎవరు తీసి వడ్డించాలో ఆలోచించండి.

సీతమ్మధార రిటైర్డ్:

నడక నుంచి వచ్చి చూశాను. నా పేరు మీద ఇంత జరిగిందా! సరే. ఫుల్ బోర్డ్ ధర కనుక్కోమని, విమానం మధ్యాహ్నంలోపు దిగేలా చూడమని అల్లుడికి చెప్పాను. ఊరి దీవిలో ఒక రాత్రి అన్నాను, మా ఆవిడ నాలుగూ రిసార్టులోనే అంది. నాలుగూ అక్కడే. ఇంతకీ ఆ ఇసుకలో నడకకు బూట్లు తీసుకెళ్లాలా, చెప్పులు చాలా?

గరిటె తిప్పినవాడు:

ఉత్త కాళ్లు.