సీరియల్ పాట వినగానే మీకు ఏ పని గుర్తొస్తుంది?

పోపులడబ్బా:
నిన్న అమ్మ చిక్కుడుకాయలు ఒలుస్తూ ఏదో కూనిరాగం తీస్తోంది. రెండు నిమిషాలు బుర్ర గోక్కుంటే గానీ తట్టలేదు, అది దూరదర్శన్‌లో వచ్చిన ఋతురాగాలు పాట! ఆ సీరియల్ వచ్చి పాతికేళ్ళు దాటిపోయింది. కథ చెప్పమంటే సగం కూడా చెప్పలేకపోయింది గానీ, పాట మాత్రం 'వాసంత సమీరంలా' దగ్గర ఎత్తుకుని దాదాపు మొత్తం పాడేసింది. నాకైతే ఆ పాట వింటే సీరియల్ కాదు, పాలగిన్నె గుర్తొస్తుంది. గిన్నె పట్టుకుని పాలకి బయల్దేరితే వీధిలో వరసగా ప్రతి ఇంట్లోంచీ అదే పాట, చివరి ఇల్లు దాటేసరికి అయిపోయేది. అంటే టీవీ ముందు కూర్చోకుండానే రోజూ మొత్తం పాట వినేసేదాన్ని. మీకూ ఇలాంటి పాటలున్నాయా? పాట పేరు ఒక్కటే రాసి వెళ్ళిపోకండి, అది వచ్చేటప్పుడు మీరేం చేస్తుండేవారో కూడా చెప్పండి.

రేపు_సోమవారం:
అమృతం. నవ్వుకోవాల్సిన పాటే, కానీ నాకు ఇప్పటికీ వినగానే కడుపులో టెన్షన్ మొదలవుతుంది. ఎందుకంటే అది ఆదివారం రాత్రి వచ్చేది, 'ఒరేయ్ ఆంజనేయులు' అని కల్యాణి మాలిక్ గొంతు వినపడిందంటే ఇక సెలవు అయిపోయినట్టే. నాన్న ఇస్త్రీపెట్టె తీసేవారు. నా పని తెల్ల బూట్లు. తడిగుడ్డతో తుడిచి, క్లాసులోంచి జేబులో వేసుకొచ్చిన సుద్దముక్క రుద్ది, గ్యాస్ బండ పక్కన ఆరబెట్టాలి. సుద్ద ఎక్కువైతే మర్నాడు ప్రేయర్‌లో నడిచినంత మేరా తెల్లటి పొడి రాలేది. 2001 నుంచి 2007 దాకా వచ్చింది కాబట్టి నా ఆరో తరగతి నుంచి ఇంటర్ అయ్యేదాకా ఇదే తంతు. ఈలోగా అమృతం వేషంలో శివాజీ రాజా, నరేశ్, హర్షవర్ధన్ మారారు గానీ ఆంజనేయులుగా గుండు హనుమంతరావు గారు మారలేదు, పాటా మారలేదు.

అరటిదూట:
పైన అన్నగారికి చిన్న చేర్పు. పాట రాసింది సిరివెన్నెల సీతారామశాస్త్రి గారు. కామెడీ సీరియల్ కదా అని ఎవరూ పట్టించుకోరు గానీ ఒకసారి మాటలు శ్రద్ధగా వినండి. రిమోట్ మన చేతిలోనే ఉంది, ఏడుపుగొట్టు ప్రోగ్రాం మార్చేద్దాం అన్న భావం వస్తుంది అందులో. టీవీ సీరియల్ పాటలోనే ఛానల్ మార్చేద్దాం అనడం ఏమిటండీ బాబూ! అప్పట్లో మిగతా అన్ని ఛానళ్ళలో ఏ రకం సీరియల్స్ నడిచేవో గుర్తున్నవాళ్ళకి ఆ వెటకారం ఇంకా బాగా అర్థమవుతుంది.

పోపులడబ్బా:
@రేపు_సోమవారం, మీ సుద్దముక్క సంగతి అమ్మకి చదివి వినిపించా. మరి నీకు ఏ పని గుర్తొస్తుందే అని అడిగితే 'పనా? రోజు మొత్తం మీద ఆ అరగంటే కదా నేను కూర్చున్నది' అంది. నన్ను పాలకి పంపింది అందుకన్నమాట!

మెస్_బిల్లు:
ఋతురాగాలు తీసిన మంజులా నాయుడు గారే తర్వాత చక్రవాకం, మొగలిరేకులు తీశారు. మొగలిరేకులు పాటంటే మా హాస్టల్ మొత్తానికీ ప్రాణం, సీరియల్ చూసేది మాత్రం వార్డెన్ ఒక్కావిడే. పాట మొదలైందంటే ఆవిడ అరగంట గదిలోంచి కదలదు, ఫోన్లు పట్టుకుని అందరం మేడ మీదకి. అక్కడ మాట్లాడుకునే మాటల్లో సీరియల్ కంటే ఎక్కువ మలుపులుండేవి, అది వేరే కథ. ఒకరోజు పాట మధ్యలో కరెంటు పోయింది. మాకు పైన తెలియలేదు. ఆవిడ టార్చి పట్టుకుని నేరుగా మేడ ఎక్కేసింది. పదకొండు మందిమి, పదకొండు ఇళ్ళకీ ఆ రాత్రే ఫోన్ చేసింది. ఇప్పుడు ఓటీటీలో టైటిల్స్ దాటెయ్యమని ఒక మీట పెట్టారు, అది చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది.

పాత_యాంటెన్నా:
మీరంతా పిల్లలు. 1988లో మహాభారతం మొదలైనప్పుడు మా కరీంనగర్ దిక్కు మా ఊరికంతా కలిపి ఒకటే టీవీ, పంచాయతీ ఆఫీసులో. ఆదివారం పొద్దున మహేంద్ర కపూర్ గొంతు లేస్తే పొయ్యి మీద చాయ్ వదిలేసి వచ్చేవాళ్ళు. మాకెవరికీ హిందీ రాదు, 'అథ శ్రీ మహాభారత్' అంటే మా తమ్ముడు 'అద్దసేరు మహాభారత్' అని గొంతు చించుకునేవాడు. వాడికి సేర్ల లెక్కే తెలుసు మరి, మాది కిరాణా దుకాణం. నా డ్యూటీ డాబా మీద యాంటెన్నా తిప్పడం. 'వచ్చిందా?' అని నేను, 'వచ్చింది, వచ్చింది... పోయింది, వెనక్కి తిప్పు' అని కింద నుంచి యాభై గొంతులు. పాట మొత్తం పైనుంచే వినేవాణ్ని. కథ చెప్పే 'సమయ్' (కాలం) మాట్లాడటం మొదలయ్యాక పరుగున దిగి వచ్చేసరికి ముందు వరసంతా నిండిపోయేది, తలల మధ్యలోంచి చూడాల్సిందే. నేను దిగిన రెండు నిమిషాలకే మళ్ళీ గాలి కొట్టేది. కర్ణుడి రథచక్రం కుంగిన వారం కూడా నేను డాబా మీదే ఉన్నాను.