బత్తాయి చెట్టు మొదలు దగ్గర బెరడు కుళ్ళింది, ఆకు మాత్రం పచ్చగానే ఉంది. ఎట్లా?

చెల్క బత్తాయి:
గుర్రంపోడు దగ్గర ఎర్ర చెల్కలో ఎనిమిదేండ్ల తోట, రంగపూర్ నిమ్మ మీద అంటు. ఒక చెట్టుకు నేల నుంచి జానెడు ఎత్తులో బెరడు సగానికి పైగా కుళ్ళి ఊడొస్తోంది, బంక కారుతోంది. పైన ఆకు పచ్చగనే ఉంది, పూత మిగతా చెట్ల కంటే ఎక్కువే వచ్చింది. బెరడు పోయినంక నీళ్ళు పైకి ఎట్లా ఎక్కుతున్నాయి? ఫోసిటైల్ అనే కుళ్ళు తెగులు మందు ఆకుల మీద కొడితే చాలా?

వేరు నుంచి ఆకు:
నీళ్ళు బెరడులో ఎక్కవన్నా, లోపలి కట్టెలో ఉండే దారువులో ఎక్కుతాయి. ఆకుల నుంచి నీరు ఆవిరవుతుంటే కింది నీటిని అదే పైకి గుంజుతుంది. ఆకు తయారుచేసిన చక్కెర వేర్లకు దిగేది మాత్రం బెరడు లోపలి పొరలోని పోషక కణజాలం నుంచి. మీ చెట్టుకు తెగుతున్నది ఈ రెండో దారి. 17వ శతాబ్దంలో ఇటలీ శాస్త్రవేత్త మాల్పిఘి బెరడును ఉంగరంలా తీసి చూసినప్పుడు కూడా గాటు పైభాగమే ఉబ్బింది.

అందుకే ఆ పూతను చూసి సంతోషపడొద్దు. దిగాల్సిన చక్కెర పైనే ఆగింది. కింద వేర్లు దాచుకున్న పిండిపదార్థం మీద బతుకుతున్నాయి. అది అయిపోతే సన్న వేర్లు చస్తాయి, అప్పుడు నీళ్ళూ ఎక్కవు. ముందుగా ఆకు ఈనెలు పసుపు తిరుగుతాయి. ఎండాకాలంలో చెట్టు ఒక్కసారే ఎండినట్టు కనిపిస్తుంది గానీ జబ్బు చాలా ముందుది.

బోర్డో బకెట్:
మందు కూడా ఇవే దారుల్లో పోతుంది. మెటలాక్సిల్ ప్రధానంగా నీళ్ళతో పైకే పోతుంది కాబట్టి ఆకుల మీద కొడితే వేర్లకు దిగదు, పాదులో పోయాలి. ఫోసిటైల్ పైకీ కిందికీ రెండు వైపులా పోతుంది, మోతాదు లీటరుకు 2.5 గ్రాములు. కానీ కిందికి దిగాలంటే బతికిన బెరడు ఉండాలి. సగానికి పైగా పోయిన చెట్టుకు ఆకుల మీద పిచికారీ ఒక్కదాన్నే నమ్ముకోవద్దు.

ముందు కుళ్ళిన బెరడును పదునైన కత్తితో చెక్కండి, చుట్టూ అంగుళం మంచి బెరడు కూడా తీసేయండి. కట్టెను మాత్రం గీకొద్దు, నీళ్ళ దారి అదే. చెక్కులు పాదులో పడేయకుండా కాల్చండి. చెక్కిన చోట పూయడానికి బోర్డో పేస్టు చేసుకోండి. ఒక్క చెట్టుకు 100 గ్రాముల మైలుతుత్తం అర లీటరు నీళ్ళలో, 100 గ్రాముల సున్నం ఇంకో అర లీటరులో ప్లాస్టిక్ డబ్బాల్లో విడివిడిగా కలిపి, మైలుతుత్తం నీళ్ళను సున్నం నీళ్ళలో పోయండి. ఇనుప కత్తి ముంచి తీస్తే రాగి రంగు అంటిందా, సున్నం ఇంకా కావాలి. అట్లనే పూస్తే బెరడు మాడుతుంది. కలిపిన రోజే పూయాలి, మిగిలింది మర్నాటికి పనికిరాదు.

పదో తరగతి:
బంక అంటే చెట్టు బయటికి పంపే వ్యర్థమని పాఠంలో ఉంది. మరి కారడం మంచిదే కదా?

వేరు నుంచి ఆకు:
మొక్కకు మూత్రపిండాల్లాంటి అవయవం లేదు. చాలా వ్యర్థాలను ఆకుల్లో, బెరడులో, పాత కట్టెలో పోగేసి ఉంచుతుంది, ఆకు రాలినప్పుడు, బెరడు ఊడినప్పుడు కొంత పోతుంది. నిమ్మజాతి ఆకుల్లో కాల్షియం ఆక్సలేట్ స్ఫటికాలు కూడా ఉంటాయి. ఇక్కడి బంక అట్లాంటిది కాదు. ఫైటోఫ్తోరా తెగులు బెరడును తినేస్తుంటే చెట్టు చేసే ఎదురుదాడి అది. వానకు కరిగిపోతుంది, కాబట్టి బంక కనిపించకపోతే జబ్బు తగ్గిందనుకోవద్దు.

కాలువ కింద తోట:
ఈ తెగులు బీజాలు నీళ్ళలో ఈదుతాయి. పాదు నుంచి పాదుకు పారిస్తే తోటంతా పాకుతుంది. మొదలు చుట్టూ రెండడుగుల మేర, అంటు కట్టిన చోటు మూసుకుపోకుండా, మట్టి ఎగదోసి పొడిగా ఉంచండి, డ్రిప్పర్లను కొమ్మల అంచు కిందికి జరపండి. అంటు కట్టిన చోటు మట్టిలో పూడి ఉంటే తవ్వి బయటపెట్టండి. రంగపూర్ కంటే బత్తాయి బెరడే తొందరగా కుళ్ళుతుంది. ఆ చెట్టు దక్కాలంటే పక్కన రెండు మూడు రంగపూర్ మొలకలు నాటి, వాటి కొనలను కుళ్ళుకు పైనున్న మంచి బెరడులో అంటుకట్టొచ్చు. చక్కెర కొత్త వేర్లకు దిగుతుంది. ఆకు వాడిపోకముందే చేయాలి.