వృద్ధుల కేర్ హోమ్‌లో మనిషిని నిజంగా ఎలా చూసుకుంటున్నారో తెలుసుకోవడం ఎలా?

ప్రశ్న

పక్షవాతంతో కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయిన పెద్దాయన కోసం నర్సింగ్ సదుపాయం ఉన్న కేర్ హోమ్ వెతుకుతున్నాం. మాట స్పష్టంగా రాదు, నొప్పి ఉన్నా చెప్పలేరు. యూరిన్ పైపు ఉంది. మింగడం కష్టమే. రెండు చోట్లు చూశాం. రెండూ శుభ్రంగా ఉన్నాయి, మేనేజర్లు ఓపిగ్గా మాట్లాడారు. లైసెన్సు, డాక్టరు వచ్చే రోజులు, ఖర్చులు అన్నీ అడిగాం. ఇంకా లోతుగా చూడాలంటే దేన్ని చూడాలి? చేర్పించాక వారం వారం ఏది గమనిస్తే లోపం ముదరకముందే దొరుకుతుంది?

జవాబు 1 (నర్సింగ్)

హాల్లో టీవీ ముందు కూర్చున్నవాళ్లను చూసి అంచనాకు రాకండి. లేచి తిరగగలిగినవాళ్లు, నోరున్నవాళ్లు కావలసింది ఎలాగోలా అడిగి చేయించుకుంటారు. సంరక్షణ ఎలా ఉందో తెలిసేది మంచం దిగలేని, మాట్లాడలేని వాళ్ల దగ్గరే. ఆ గదుల వైపు తీసుకెళ్లమనండి. ఎవరి దుప్పటీ తీసి చూడకూడదు, చూడనక్కర్లేదు కూడా. గుమ్మం దగ్గర నిలబడితే చాలు. పెదవులు, నాలుక ఎండిపోయి ఉన్నాయా? మంచినీళ్లు చేతికందేలా ఉన్నాయా, గోడవార బల్ల మీద ఉన్నాయా? కాలింగ్ బెల్లు ఎటువైపు ఉంది? పక్షవాతం ఉన్న మనిషికి బెల్లు బాగున్న చేతి వైపు ఉండాలి. పడిపోయిన చేతి పక్కన పెట్టి ఉంటే, పెట్టినవాళ్లు ఆ మనిషిని చూడకుండానే పెట్టి వెళ్లారన్నమాట.

యూరిన్ బ్యాగు ఎప్పుడూ మూత్రాశయం కంటే కిందే వేలాడాలి, నేలకు మాత్రం తగలకూడదు. వీల్‌చెయిర్లో తిప్పేటప్పుడు బ్యాగు ఒళ్లో పెడితే మూత్రం వెనక్కి పారి ఇన్‌ఫెక్షన్‌కు దారి తీస్తుంది. మూడింట రెండొంతులు నిండేలోపే ఖాళీ చేయాలి. అసలు పైపు ఎందుకు ఉంచారు, ఎప్పుడు తీసి చూస్తారు అని చేరిన రోజే అడగండి. డైపర్లు మార్చే పని తప్పుతుందని పైపు ఉంచేయడం చాలాచోట్ల జరుగుతుంది. అది సరైన కారణం కాదు.

అన్నిటికంటే ముఖ్యం పడకపుండ్లు. చేరిన రోజే నర్సు తల వెనక నుంచి మడమల దాకా చర్మమంతా చూసి రాసుకోవాలి. మీ ముందే చేయమనండి. ఆ తర్వాత మీరు వెళ్లినప్పుడల్లా వెన్ను చివరి ఎముక, రెండు తుంట్లు, మడమలు, చీలమండలు, మోచేతులు, చెవుల వెనక చూడండి. ఎర్రగా ఉన్నచోట వేలితో నొక్కి వదలండి. తెల్లబడి మళ్లీ ఎర్రబడితే అక్కడ రక్తం ఆడుతోంది. నొక్కినా రంగు మారకపోతే, చర్మం చిట్లకపోయినా అది మొదటి దశ పుండే. నల్లటి, చామనఛాయ చర్మం మీద ఆ ఎరుపు తేలిగ్గా కనపడదు. పక్క చర్మంతో పోలిస్తే అక్కడ వేడిగానో చల్లగానో, గట్టిగానో మెత్తగానో తగులుతుంది, రంగు ఊదా వైపు తిరుగుతుంది. కాబట్టి కళ్లతోపాటు చేత్తోనూ చూడాలి.

మంచం మీదే ఉండేవాళ్లను సాధారణంగా 2 గంటలకోసారి తిప్పుతారు. చర్మం తీరును, వాడే పరుపును బట్టి నర్సు ఆ విరామం మార్చొచ్చు గానీ, ఎయిర్ బెడ్ ఉంది కదా అని తిప్పడం మానేయకూడదు. పూర్తిగా పక్కకు పడుకోబెడితే బరువంతా తుంటి ఎముక మీద పడుతుంది. అందుకే వీపు వెనక దిండు పెట్టి 30 డిగ్రీలు మాత్రమే ఒరిగిస్తారు. పిక్కల కింద దిండు పెడితే మడమలు పరుపుకు తగలవు. మధ్యలో రంధ్రం ఉన్న రింగు దిండు వాడుతున్నారంటే వాళ్ల పద్ధతి పాతబడిందని అర్థం, అది చుట్టూ ఒత్తిడి పెంచి మధ్యలో రక్తప్రసారం తగ్గిస్తుంది.

ఇక తిప్పే చార్టు. 2:00, 4:00, 6:00 అని ఒకే పెన్నుతో, ఒకే ఒత్తుతో వరసగా ఉంటే డ్యూటీ దిగేముందు కూర్చుని నింపారని అనుమానించండి. చేసినప్పుడే రాస్తే 2:10, 4:25 అని పడుతుంది, మధ్యలో ‘స్నానం’, ‘డాక్టరు చూశారు’ లాంటి ముక్కలుంటాయి. మధ్యాహ్నం మూడున్నరకు వెళితే సాయంత్రం 6 గంటల గడి కూడా నిండి ఉందా, ఇంక ఆ చార్టులో దేన్నీ నమ్మలేం. ‘ఎడమ వైపు’ అని రాసి ఉండి మనిషి వెల్లకిలా ఉన్నా అంతే.

జవాబు 2 (ఆహారం, మింగడం)

పై జవాబుతో ఏకీభవిస్తూ, ఒక్కసారే వెళ్లే వీలుంటే భోజనం వేళకు వెళ్లమంటాను. తినిపించే మనిషి నిలబడి పైనుంచి పెడుతుంటే పెద్దవాళ్లు తల పైకెత్తుతారు, ముద్ద గొంతులోకి జారి పొలమారుతుంది. ఎదురుగా, కంటి ఎత్తులో కూర్చుని పెట్టాలి. తినే మనిషి నిటారుగా ఉండాలి. చిన్న చెంచాతో పెట్టి, మింగింది చూసుకుని రెండోది పెట్టాలి. కుడి వైపు పడిపోయినవాళ్లకు కుడి బుగ్గలో ముద్ద నిలిచిపోతుంది, ఆ సంగతి వాళ్లకూ తెలియదు. భోజనమయ్యాక ఆ బుగ్గ చూసి నోరు కడుగుతున్నారా అన్నది గమనించండి. తర్వాత కనీసం అరగంట కూర్చోబెట్టాలి. తిన్న వెంటనే మంచం దించేస్తున్నారంటే వద్దనండి. తిన్నాక గొంతులో గురగుర, దగ్గు, తరచూ వచ్చే జ్వరం కలిస్తే ఊపిరితిత్తుల్లోకి ఆహారం పోతోందేమో డాక్టరు చూడాలి.

చిక్కని పానీయాలు ఇవ్వమని, మింగే ఇబ్బందులు చూసే థెరపిస్టు చెప్తే, ఎంత చిక్కదనమో మంచం దగ్గర రాసి ఉండాలి. ఐడీడీఎస్‌ఐ అనే అంతర్జాతీయ కొలమానంలో 0 నుంచి 7 దాకా స్థాయిలుంటాయి, పానీయాలకు వర్తించేవి 0 నుంచి 4 దాకా. ‘కొంచెం చిక్కగా’ అని నోటిమాటగా చెప్పుకుంటే షిఫ్టుకో రకంగా కలుపుతారు. చిక్కనివి తాగేవాళ్లు తక్కువ తాగుతారు కూడా, కాబట్టి ఎంత తాగారో రాస్తున్నారా అడగండి.

బరువు చేరిన రోజున, తర్వాత నెలకోసారైనా, అదే యంత్రం మీద చూడాలి. కోరకుండా నెలలో 5 శాతం, ఆరు నెలల్లో 10 శాతం తగ్గితే తీవ్రంగా తీసుకోవాలి. 60 కిలోల మనిషికి అవి 3 కిలోలు, 6 కిలోలు. ‘వయసు కదా, తగ్గుతారు’ అన్న జవాబు ఒప్పుకోకండి.

ప్రశ్న అడిగినవారు

అందరికీ ధన్యవాదాలండి. ఒక చోట మంచానికి రెండు వైపులా కడ్డీలు ఎప్పుడూ ఎత్తే ఉంచుతామన్నారు. రాత్రి గాభరా పడేవాళ్లకు ‘ప్రశాంతంగా పడుకునే మాత్ర’ ఇస్తామన్నారు. ఇది మామూలేనా?

జవాబు 3 (మందులు)

మామూలుగా జరుగుతుంది గానీ మామూలుగా తీసుకోవాల్సింది కాదండి. మాట రాని మనిషి రాత్రి కదులుతూ, దుప్పటి లాగుతూ ఉంటే ముందు కారణం వెతకాలి. నొప్పి, మలబద్ధకం, మడతపడి మూసుకుపోయిన యూరిన్ పైపు, తడిసిన డైపర్, దాహం, కొత్తగా మొదలైన ఇన్‌ఫెక్షన్. ఇవన్నీ చూశాకే మందు మాట. మతిమరపు వ్యాధి ఉన్న వృద్ధుల ప్రవర్తనకు యాంటీసైకోటిక్ మందులు (తీవ్ర మానసిక రుగ్మతలకు ఇచ్చేవి) వాడితే మరణం ముప్పు పెరుగుతుందని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2005లోనే తన అత్యంత తీవ్రమైన హెచ్చరిక జారీ చేసింది. మగతగా ఉన్న మనిషికి పొలమారడం, పడిపోవడం, పుండు పడడం అన్నీ ఎక్కువే. అందుకని మందు పేరు, రాసిన డాక్టరు, ఏ లక్షణానికి, ఎన్ని రోజులు, తగ్గించి చూసేది ఎప్పుడు అనేవి రాతపూర్వకంగా అడగండి. కొత్త మందు మొదలుపెట్టేముందు మీకు చెప్పాలన్నది కూడా ముందే రాయించుకోండి.

కడ్డీల విషయంలో: దిగాలనుకున్న మనిషి ఎత్తిన కడ్డీ మీదుగా ఎక్కితే ఇంకా ఎత్తు నుంచి పడతారు. పరుపుకూ కడ్డీకీ మధ్య సందులో తల, మెడ ఇరుక్కుని చనిపోయిన సందర్భాలూ నమోదయ్యాయి. ఎత్తు బాగా తగ్గే మంచం, పక్కన నేల మీద మెత్తటి చాప నయం. అయితే బాగున్న చేత్తో పట్టుకుని తనంతట తాను ఒత్తిగిలడానికి సగం కడ్డీ ఉపయోగపడేవాళ్లూ ఉన్నారు. మనిషిని బట్టి తేల్చాలి, ‘అందరికీ ఎప్పుడూ’ అన్నదే తప్పు.

మింగడం కష్టం అన్నారు కాబట్టి ఇంకొకటి. మాత్రలన్నీ నూరి ఒకేసారి కలిపి పెడుతున్నారేమో చూడండి. పేరు చివర ఎస్‌ఆర్, ఎక్స్‌ఆర్ అని ఉన్నవి నెమ్మదిగా కరిగేలా చేసినవి. నూరితే గంటల తరబడి కొద్దికొద్దిగా అందాల్సిన మోతాదు ఒక్కసారిగా ఒంట్లోకి పోతుంది.

జవాబు 4 (ఫిజియోథెరపీ)

మంచం నుంచి కుర్చీలోకి ఎలా మారుస్తారో ఒక్కసారి చూడండి. పడిపోయిన చెయ్యి పట్టుకుని గానీ, చంకల కింద చేతులు పెట్టి గానీ లేపుతుంటే భుజం కీలు జారుతుంది, ఆ నొప్పి నెలల తరబడి ఉంటుంది. నడుముకు బెల్టో, ఇద్దరు మనుషులతో హోయిస్టో (మనిషిని ఎత్తి దించే యంత్రం) వాడాలి. కూర్చున్నప్పుడు ఆ చేతి కింద దిండు ఉండాలి, కిందికి వేలాడకూడదు.

తర్వాత ముడుచుకున్న పిడికిలి. వేళ్లను మెల్లగా తెరిచి అరచెయ్యి చూడండి. వాసన, తెల్లగా నానిన చర్మం, గోళ్ల గాట్లు ఉంటే కొన్నాళ్లుగా ఆ చెయ్యి ఎవరూ తెరవలేదు, కడగలేదు. చార్టులో రోజూ ‘స్నానం అయింది’ అనే ఉంటుంది.

జవాబు 5 (నిర్వహణ)

సిబ్బంది సంఖ్య మేనేజర్‌ని కాదు, గదిలో పనిచేస్తున్న ఆయమ్మనే అడగండి: ‘ఈ రోజు మీకు ఎంతమంది? రాత్రికి ఎంతమంది ఉంటారు? నిన్న కూడా వీళ్లనే చూశారా?’ రోజూ అదే మనిషి చూస్తే చిన్న మార్పు కూడా పట్టేస్తారు. ఆ జవాబును గోడ మీది డ్యూటీ చార్టుతో పోల్చండి. రాత్రి అర్హత ఉన్న నర్సు భవనంలో ఉంటారా, ఫోన్లో మాత్రమే దొరుకుతారా అన్నది విడిగా అడగాలి. సెలవు రోజు సాయంత్రం ఒకసారి వెళ్లండి. లోపం ఎక్కువగా బయటపడేది అప్పుడే.

వాసన గురించి ఎవరూ అనలేదు. ఒక గదిలో కాసేపు వాసన వస్తే అప్పుడే డైపర్ మారుస్తూ ఉండొచ్చు, దాన్ని తప్పుపట్టను. వరండా అంతా మూత్రం వాసన ఉన్నా, దాన్ని కప్పేంత ఘాటుగా ఫినాయిల్ కొడుతున్నా అనుమానించండి. చేతి తొడుగులు కూడా చూడండి. అవే తొడుగులతో ఒక మంచం నుంచి ఇంకో మంచానికి వెళ్తున్నారా?

చేరాక లోపం కనిపిస్తే అరవకండి, వదిలేయకండి. తేదీ, సమయం, చూసింది, ఎవరికి చెప్పారు అని రాసి, పుండైతే పక్కన కొలత పెట్టి ఫోటో తీసి హెడ్ నర్సుకు ఇవ్వండి. సంరక్షణ ప్రణాళికలో ఏం మారుస్తారు, మళ్లీ ఎప్పుడు చూస్తారు అని తేదీతో జవాబు తీసుకోండి. ఆ తేదీకి మార్పు లేకపోతే నిర్వాహకులకు, అక్కడా కాకపోతే లైసెన్సు ఇచ్చిన శాఖకు అదే కాగితం పంపండి.